కూలిన ఇంటి దూలం... వాకిట్లో కుర్చీ

జేసీబీ తొండం ఒక్కసారి ఆనిస్తే చాలు, గూన పెంకులు గలగలమంటూ జారిపడతాయి. వెనకే వాసాలు పటపట విరుగుతాయి. తాతలు కట్టిన ఇల్లు మధ్యాహ్నం అన్నాల వేళకు మట్టికుప్ప. ఏండ్ల తరబడి పొయ్యి పొగ పట్టి నల్లబడ్డ దూలాన్ని ఆ కుప్పలోంచి నలుగురు ఈడ్చి బజారు పక్కన పడేస్తారు. ఇంటామె దర్వాజను మాత్రం జాగ్రత్తగా ఊడదీయించి ప్రహరీకి ఆనించి పెడుతుంది. దాని మీద పసుపు, కుంకుమ బొట్లు ఇంకా ఉంటాయి. ఎదురింటి వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు "ముగ్గు ఎప్పుడు పోస్తున్నరు?" అని ఆరా తీస్తారు. ఆ కుర్చీల్లో ఒకదాని వీపు పగిలితే బైండింగ్ వైరుతో కుట్టు వేసి ఉంటుంది. సాయంత్రానికి దూలం సగం పొయ్యి కట్టెల్లో కలుస్తుంది, మిగతా సగం పాత కలప కొనేవాళ్ళ ట్రాలీ ఎక్కుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇప్పుడు ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక బజారులో ఇదే తంతు.

దూలం పడి ఉన్న చోటికీ, కుట్టు వేసిన కుర్చీకీ మధ్య ఇరవై అడుగులు కూడా ఉండదు. ఆ ఒక్క దూలంలో ఆరుబయట వేసుకునే మంచి కుర్చీకి సరిపడా కలప ఉంది. ఆ కుర్చీ చేయడానికి వడ్రంగం ఇంటి విద్య కానక్కరలేదు, ఉలి పట్టి ఎరగని చేతులకూ అది సాధ్యమే. అయితే పని మొదలుపెట్టేవాళ్ళు ముందు తలకెక్కించుకోవలసింది నీళ్ళ సంగతి. వాకిట్లో కుర్చీని చెడగొట్టేది అతుకుల్లో లోపం కన్నా ఎక్కువగా నిలిచిన నీరే. ఇది అర్థమైనవాళ్ళు చేసిన మొరటు కుర్చీ, అర్థం కానివాళ్ళు చేసిన నాజూకు కుర్చీ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

పెంకుటిల్లుతో పాటే అరుగు

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకం సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు ఇస్తోంది. తొలి విడతగా నియోజకవర్గానికి 3,500 ఇండ్లు అన్నారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. పాత ఇల్లున్న జాగాలోనే కొత్తది కట్టుకునేవాళ్ళు ముందు పాతదాన్ని పడగొట్టాలి. ఆ పాత ఇంటికి ఎన్ని లోపాలున్నా, ముందర బండ పరిచిన అరుగు ఉండేది. పెద్దమనిషి చుట్ట కాల్చుకున్నా, ఆడవాళ్ళు చింతపండు గింజ తీసినా, దారిన పోయేవాళ్ళు కాసేపు ఆగి మాట్లాడినా అక్కడే. ఆరు వందల అడుగుల లెక్కలో హాలు, పడకగది, వంటగది, బాత్రూము ఇరికించాక అరుగుకు చోటు మిగలదు. పైగా స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రికి లోపలికి వదులుతుంది. మే నెలలో భూపాలపల్లి బొగ్గు గనుల పక్క కాలనీల్లోనైనా, జనగామ మెట్ట ఊళ్ళలోనైనా పొద్దుగూకాక ఇంట్లో కూర్చోవడం శిక్షే. మనిషి ఎలాగూ వాకిట్లోకి వస్తాడు. వచ్చినవాడు దేని మీద కూర్చోవాలన్నది చిన్న ప్రశ్నేం కాదు.

దీనికి పూర్తి భిన్నమైన కారణంతో ఇదే ప్రశ్న వేసుకుంటున్నవాళ్ళు ఇంకొందరున్నారు. హైదరాబాద్-వరంగల్ రహదారి వెంట అరెకరమో, ఎకరమో కొని చిన్న గది కట్టుకున్న ఉద్యోగులు, శనాదివారాల్లో ఊరికి వచ్చి సొంతంగా ఏదైనా చేతిపని చేయాలని ఉబలాటపడేవాళ్ళు. వాళ్ళు ఫోనులో విదేశీ వీడియోలు చూసి, మనకు దొరకని పైను, సెడారు కలపల పేర్లు రాసుకుని, చివరికి నగరంలో గార్డెన్ ఫర్నిచర్ దుకాణానికే పోతున్నారు. ఈ ఇద్దరి అవసరాన్నీ తీర్చే కలప ఊళ్ళోనే, బజారు పక్కనే పడి ఉంది.

మొదటి పని వాకిలి కుర్చీతోనే ఎందుకు?

ఇంట్లో పెట్టే డైనింగ్ కుర్చీ చేయడం వడ్రంగంలో కష్టమైన పనుల్లో ఒకటి. సన్నని కాళ్ళు, వాటిలో తొలిచిన బెజ్జాలు, ఆ బెజ్జాల్లో వెంట్రుకవాసి తేడా లేకుండా దిగవలసిన కొసలు. మనిషి వెనక్కి వాలిన ప్రతిసారీ ఆ బరువంతా వెనుక కాళ్ళ అతుకుల మీదే పడుతుంది. అనుభవం ఉన్న మేస్త్రీ కూడా కుర్చీ అంటే ఒకటికి రెండుసార్లు కొలుస్తాడు. వాకిలి కుర్చీ వేరు. దానికి మందపాటి చెక్కలు పెట్టొచ్చు, వెడల్పుగా నిలబెట్టొచ్చు, స్క్రూలు కనిపించినా ఎవరూ తప్పుపట్టరు. చేతులు పెట్టుకునే పట్టీలు ముందు కాళ్ళనూ వీపునూ కలిపి ముక్కోణంలా బిగిస్తాయి కనుక అతుకుల మీద భారం తగ్గుతుంది. ఒక సూతు అటూఇటూ అయినా కుర్చీ నిలబడుతుంది.

అసలు ప్రపంచంలో ఎక్కువ పేరు తెచ్చుకున్న ఆరుబయట కుర్చీని తయారుచేసింది కూడా వృత్తి వడ్రంగి కాదు.

> తోట కోసం చేసుకున్న కుర్చీ
> 1903లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం వెస్ట్‌పోర్ట్‌లో థామస్ లీ అనే ఆయన తన వేసవి విడిది ముందు వేసుకోవడానికి కుర్చీలు చేసి చూశాడు. ఇంటివాళ్ళను ఒక్కోదాంట్లో కూర్చోబెట్టి ఏది బాగుందో అడిగాడు. అందరికీ నచ్చినదాన్ని ఒకే పలకలోంచి కోసిన పదకొండు ముక్కలతో చేశాడు. చలికాలంలో పని దొరక్క ఇబ్బంది పడుతున్న వడ్రంగి మిత్రుడు హ్యారీ బన్నెల్‌కు ఆ నమూనా ఇచ్చాడు. బన్నెల్ 1905లో దానికి తన పేరిట పేటెంట్ తీసుకుని ఏండ్ల తరబడి అమ్ముకున్నాడు. అడిరాండాక్ కుర్చీ అని నేడు పిలిచేది దాని సంతతినే.

ఇక 1974లో ఇటలీ డిజైనర్ ఎంజో మారి ఇంకో అడుగు ముందుకేశాడు. మామూలు పలకలు, మొలలు, సుత్తి ఉంటే ఎవరైనా చేసుకోగల బల్లలు, కుర్చీలు, మంచాల కొలతలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్ళకు ఊరికే పంపించాడు. ఒక వస్తువును మంచిదా చెడ్డదా అని తేల్చుకునే చూపు, దాన్ని ఒకసారి సొంతంగా చేసినవాళ్ళకే వస్తుందన్నది ఆయన వాదన. ఇది కొంచెం అతిశయోక్తే. కుండ చేయనివాళ్ళు కూడా కుండ మీద వేలితో కొట్టి బాగోగులు చెప్పగలరు. కానీ కుర్చీ విషయంలో మారి మాటలో నిజం ఎక్కువ. ఒకసారి చేసినవాళ్ళు దుకాణంలో కుర్చీని తిరగేసి అడుగు చూస్తారు.

అయితే లీ కుర్చీని ఉన్నదున్నట్టు మన వాకిట్లోకి దింపితే ఇబ్బంది ఉంది. సరస్సు ఒడ్డున కాళ్ళు చాపుకుని పడుకోవడానికి చేసింది కనుక దాని కూర్చునే పలక బాగా కిందికి ఉంటుంది, వెనక్కి ఇంకా జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ అందులో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఇక్కడి అవసరానికి ముందు వైపు ఎత్తు 17 ఇంచులు, వెనుక 15 నుంచి 16, లోతు 17, వెడల్పు 20 ఇంచులు ఉంటే పెద్దవాళ్ళు చేతుల మీద భారం వేసి తేలిగ్గా లేవగలరు. చేతులు పెట్టుకునే పట్టీలు కూర్చునే చోటికి ఎనిమిది, తొమ్మిది ఇంచుల పైన రావాలి. పట్టీ ముందు కొస గుప్పిటికి పట్టేలా ఉండాలి. లేచేటప్పుడు పట్టుకునేది దాన్నే.

శత్రువు బరువు కాదు

వంద కిలోల మనిషి కూర్చున్నా ఇంచు మందం టేకు బద్దలు కిక్కురుమనవు. వాటిని తినేది బూజు, చెద. ఈ రెండింటికీ తడి కావాలి. కర్ర పక్క నుంచి నీటిని నెమ్మదిగానే తాగుతుంది. కోసిన కొస సంగతి వేరు, అది గడ్డిపరకల కట్టను నీళ్ళలో నిలబెట్టినట్టు నిలువునా పీల్చేస్తుంది. వాకిలి కుర్చీలో అలాంటి కొసలు నాలుగు, నాలుగు కాళ్ళ కింద, ఎప్పుడూ మట్టిని తాకుతూ ఉంటాయి. అందుకే ఏ ఊళ్ళో చూసినా పాత బల్లలు కాళ్ళ దగ్గర నుంచే చస్తాయి, పైన పలక బాగానే ఉంటుంది. విరుగుడు చాలా చవక. కాళ్ళ కొసలను ఒక రాత్రంతా నూనె గిన్నెలో నిలబెట్టి తాగినంత తాగనివ్వాలి, ఆ తర్వాత ప్రతి కాలి కిందా పగిలిన షాబాద్ బండ ముక్కో, గ్రానైట్ ముక్కో వేయాలి. ఈ ఒక్క పని చేస్తే కుర్చీ ఆయుష్షు ఎన్నో ఏండ్లు పెరుగుతుంది. ఎంత ఖరీదైన పాలిష్ పూసినా ఈ పని చేయకపోతే అది దండగే.

రెండోది, కూర్చునే చోట ఒకే వెడల్పు పలక వేయాలన్న మోజు. పలక అందంగా కనిపిస్తుంది, నిజమే. కానీ కర్ర ఎండకు అడ్డంగా కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. నిలువు పొడవులో మార్పు లేనట్టే, అడ్డంలో మాత్రం బాగా ఉంటుంది. మే నెల ఎండకూ ఆగస్టు ముసురుకూ మధ్య మూడు ఇంచుల టేకు బద్ద మహా అయితే అర సూతు కదులుతుంది. అడుగు వెడల్పు పలక సూతు పైనే కదులుతుంది. దాన్ని రెండు అంచులా స్క్రూలతో బిగించి కదలనివ్వకపోతే మధ్యలో పగులుతుంది. అందుకే మూడు ఇంచుల బద్దలు, మధ్య రెండు సూతుల సందు. ఆ సందు కర్ర కదలడానికి కావలసిన దానికన్నా ఎక్కువే. అది ఉన్నది నీళ్ళూ, వేపాకులూ కిందికి రాలిపోవడానికి. ఆకు ఇరుక్కున్న చోట తడి నిలుస్తుంది, తడి నిలిచిన చోట బూజు మొదలవుతుంది.

స్క్రూలను వీలైనంతవరకు కింది నుంచే బిగించాలి. పై నుంచి బిగిస్తే స్క్రూ తల చుట్టూ ఏర్పడే గుంట వాన చుక్కకు గిన్నె అవుతుంది. జిప్సం పలకలకు వాడే నల్ల స్క్రూలు ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ముందు చేతిలో పెట్టేవి, ఈ పనికి ససేమిరా పనికిరావు. పాత టేకులో దిగుతూ దిగుతూ మెడ విరిగిపోతాయి, దిగినవి తుప్పు పడతాయి. తుమ్మ లాంటి కర్రల్లో ఇనుము తగిలిన చోట నల్లటి మరకలు కూడా దిగుతాయి. తుమ్మ బెరడుతో తోలు పదును చేసేవారు కదా, ఆ వగరు పదార్థమే ఇనుముతో కలిసి సిరాలా నల్లబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు కొంచెం ఖరీదు, అయినా కుర్చీకి పట్టేవి కొన్ని డజన్లే. ప్రతి స్క్రూకూ ముందు డ్రిల్లుతో సన్నని రంధ్రం వేయాలి. కొత్తవాళ్ళ కుర్చీల్లో బద్దల కొసలు చీలడానికి కారణం తొందర, ఆ రంధ్రం వేయకపోవడం.

అడవి దాకా పోనక్కరలేదు

భూపాలపల్లి అంటే మహదేవపూర్ టేకు అడవి గుర్తొస్తుంది, మానుకోట (మహబూబాబాద్) అంటే గూడూరు, కొత్తగూడ వైపు కొండలు. అడవి పక్కనే ఉండగా పాత దూలాల బెడద ఎందుకనే మాట రావచ్చు. మొదటి జవాబు చట్టం. రెండోది ఇంకా బలమైన కారణం, ఆరుదల. పచ్చి కలప ఆరడానికి మందం ఇంచుకు ఏడాది అని పాతకాలం లెక్క. మన ఎండలకు అంత పట్టకపోయినా నెలలైతే ఆగాలి. ఆరని కర్రతో చేసిన కుర్చీ, చేసిన నాటి కొలతల్లో ఉండదు. మెలిపడుతుంది, స్క్రూల చుట్టూ వదులవుతుంది. ఇంటి కప్పు కింద రెండు తరాలు గడిపిన దూలం ఆరవలసినంతా ఆరింది, మెలిపడవలసింది ఎప్పుడో మెలిపడింది. పైగా అప్పట్లో పెద్ద చెట్లను కోసేవారు కనుక చేవ ఎక్కువ. చెదను దూరంగా ఉంచే గుణం టేకు చేవలోనే ఉంది. బయటి తెల్ల కర్రలో లేదు. నేడు మార్కెట్లో దొరికే సన్న టేకులో ఈ తెల్ల కర్రే ఎక్కువ.

లెక్క కూడా సరిపోతుంది. ఐదు ఇంచుల వెడల్పు, ఆరు ఇంచుల మందం, పది అడుగుల పొడవున్న దూలంలో రెండు ఘనపుటడుగుల పైన కలప ఉంటుంది. పుచ్చిన కొసలు, కోతలో పొట్టుగా పోయేది తీసేసినా ఒక కుర్చీకి కావలసిన ఘనపుటడుగుంబావు మిగులుతుంది. చిక్కల్లా మొలలతోనే. పాత కర్రలో కనిపించకుండా దాగిన మొల సామిల్లు బ్లేడును విరగ్గొడుతుంది. అందుకే కొన్ని సామిల్లుల వాళ్ళు పాత దూలం అనగానే తల అడ్డంగా ఊపుతారు. తాడుకు కట్టిన స్పీకర్ అయస్కాంతాన్ని దూలం నాలుగు ముఖాల మీదా నెమ్మదిగా లాగితే మొల ఉన్న చోట అది అతుక్కుంటుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఉలితో తవ్వి, కటింగ్ ప్లేయర్‌తో పీకాలి. విసుగు పుట్టించే పని. దీన్ని దాటవేసి సామిల్లుకు పోతే బ్లేడు ఖరీదు దూలం ఖరీదును మించవచ్చు.

దూలం దొరకనివాళ్ళకు వేప ఉంది. చేవ కట్టిన ముదురు వేపను ఇక్కడ దర్వాజలకు వాడిన అలవాటు ఉన్నదే. కొంచెం పగులుతుంది, బయట టేకు అంత కాలం రాదు, కానీ మొదటి కుర్చీకి బాగా సరిపోతుంది. నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్ళకు వాడిన గట్టి కర్ర. ఆ గట్టితనమే కొత్తవాళ్ళ చేతి రంపాన్ని ఏడిపిస్తుంది. మానుకోట వైపు తోటలు నరికినప్పుడు మామిడి చవకగా దొరుకుతుంది, కోయడానికి మెత్తగా, చూడటానికి అందంగా ఉంటుంది. దాని జోలికి పోవద్దు. వానలో నానితే పుచ్చు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. జామాయిల్‌ను కాగితం మిల్లుకు వదిలేయడమే మంచిది. ఆరేకొద్దీ మెలిపడుతూ, చీలుతూ కొత్తవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతుంది.

> ముందు కాగితం, తర్వాత రంపం
> సొంత పొలం గట్టు మీది చెట్టైనా 2002 నాటి వాల్టా చట్టం కింద నరకడానికి అనుమతి అడగవలసి ఉంటుంది. టేకు తరలిస్తుంటే అటవీ సిబ్బంది ఆపి అడుగుతారు. ఇల్లు పడగొట్టిన కలపే అని చూపడానికి కూల్చకముందు, కూల్చుతున్నప్పుడు తీసిన ఫొటోలు, పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోవాలి. ట్రాక్టరు మాట్లాడకముందే రేంజ్ ఆఫీసులో ఒక్కమాట అడిగితే పని తేలిక.

దర్వాజ సంగతి వేరే చెప్పాలి. చాలా ఇండ్లలో దాన్ని కోయడానికి మనసొప్పదు, ఒప్పకపోవడమే మేలు. పాత దర్వాజలు, కిటికీల మీది పసుపు, ఎరుపు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇండ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 మించకూడదన్న నియమం దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందటి పెయింటును గరుకు కాగితంతో గీకితే లేచే దుమ్ము పిల్లలున్న ఇంటికి విషం. పెయింట్ ఎరగని దూలాలు, వాసాలే కుర్చీకి మంచివి.

> విషంతో కర్రను కాపాడినాయన
> కరెంటు స్తంభాలు, వంతెన పలకలు దశాబ్దాల తరబడి ఎండవానలకు తట్టుకునేలా చేసిన ఒక మందు పుట్టింది మన దేశంలోనే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి దాన్ని తయారుచేశారు. ప్రపంచమంతా వాడింది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరితో ఇండ్ల పనులకు దీని వాడకాన్ని ఆపేశారు. పాత స్తంభాల ముక్కలు, ఆకుపచ్చ ఛాయ ఉన్న చెక్కలు చవకగా దొరికినా మనిషి కూర్చునే కుర్చీకి వాడకూడదు, పొయ్యిలో అసలే వేయకూడదు.

పూతలకు పరిమితి ఉంది

మెరిసే వార్నిష్ మీద మోజు వదులుకోవడం కొత్తవాళ్ళకు కష్టం. ఇంట్లో వాడే వార్నిష్ పైన పొరలా కూర్చుంటుంది. బయట రెండు ఎండాకాలాలు దాటేసరికి ఆ పొర చిట్లుతుంది, చిట్లిన సందులోంచి దూరిన వాననీరు బయటికి రాలేక లోపలే ఉండి కర్రను నల్లబరుస్తుంది. మళ్ళీ పూయాలంటే పాతదంతా గీకాలి. నూనె పూత మెరవదు, కానీ కర్రలోకి ఇంకుతుంది, పెచ్చులూడదు, ఏటా వానలకు ముందు గుడ్డతో ఇంకోసారి తుడిస్తే చాలు. దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అమ్మే అవిసె నూనె తీసుకోవాలి. పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. టేకుకు అసలేమీ పూయకపోయినా బాధ లేదు, ఎండకు బూడిద రంగులోకి తిరుగుతుంది తప్ప బలం తగ్గదు. ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుండాలి. ఈ నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. మన ఎండాకాలంలో గడ్డివాము పక్కన అలాంటి గుడ్డ పడేయడం నిప్పు పెట్టడమే. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి.

పనిముట్ల విషయంలోనూ హెచ్చరిక ఇలాంటిదే. చేతి రంపం, టేపు, మూలమట్టం, డ్రిల్లు, రెండు బిగింపు క్లాంపులు, గరుకు కాగితం ఉంటే ఈ కుర్చీ అవుతుంది. దూలాన్ని బద్దలుగా కోయడం, చిత్రిక పట్టడం సామిల్లు పని. రాయి, ఇనుము కోసే చిన్న గ్రైండరుకు పళ్ళ బ్లేడు తగిలించి కట్టె కోయడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. చేయితిరిగిన వాళ్ళు కూడా వేళ్ళు పోగొట్టుకునేది దానితోనే. కొత్తవాళ్ళు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

ప్లాస్టిక్ కుర్చీతో పోటీనా?

ఈ వాదనకు అన్నిటికన్నా ముందు వచ్చే అభ్యంతరం ధర. ప్లాస్టిక్ కుర్చీ వెయ్యి లోపే వస్తుంది, ఒకదానిలో ఒకటి పది పేర్చవచ్చు, పెండ్లికి పక్కింటికి ఇవ్వొచ్చు, చిన్నపిల్ల కూడా ఎత్తుకెళ్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ మసోనే 1972లో ఒకే అచ్చులో కుర్చీ మొత్తం పోసే పద్ధతిని నిలబెట్టాక, ప్రపంచంలో అంత చవకగా మనిషికి వీపు ఆనించుకునే చోటు ఇచ్చిన వస్తువు ఇంకొకటి లేదు. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. కలప ఊరికే వచ్చినా కోత కూలి, స్క్రూలు, నూనె కలిపితే చేతికుర్చీ ఖర్చు ప్లాస్టిక్ కుర్చీని దాటుతుంది, చేసినవాళ్ళ కష్టం కలిపితే చెప్పనే అక్కరలేదు. బరువు ఇరవై కిలోలు. డబ్బు ఆదా అవుతుందని ఆశపెట్టి ఎవరినైనా ఈ పనిలోకి దింపితే అది మోసమే.

కానీ రెండూ చేసే పని ఒకటి కాదు. ప్లాస్టిక్ కుర్చీ తిరిగే కుర్చీ, నీడకు, పందిట్లోకి, లోపలికి మోసుకుపోయేది. ఏడాదంతా ఎండలో వదిలేస్తే రంగు వెలిసి, పెళుసెక్కి, ఒకరోజు కాలు విరిగి మనిషిని పడేస్తుంది. విరిగిన కాలును అతికించలేం. చేతికుర్చీ ఒకచోట ఉండిపోయేది, పోయిన అరుగుకు బదులు నిలిచేది. దానికి బరువు లోపం కాదు, గాలిదుమారానికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడదు. బద్ద పుచ్చితే నాలుగు స్క్రూలు విప్పి ఆ బద్దే మార్చుకోవచ్చు. వాకిట్లో ఒకటో, రెండో ఇలాంటివి, చుట్టాలొస్తే తెచ్చుకోవడానికి ప్లాస్టిక్‌వి, ఇలా రెండూ ఉండటంలో తప్పేముంది?

సొంతంగా చేసిన వస్తువు మీద మనిషికి కలిగే మమకారాన్ని కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. మైకేల్ నార్టన్, డేనియల్ మోషాన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తవాళ్ళు తాము కాగితంతో వంకరటింకరగా మడిచిన బొమ్మలకు, నిపుణులు మడిచిన వాటికి పలికినంతకు దగ్గరగా వెల పెట్టడానికి సిద్ధపడ్డారు. దీన్ని అందరూ చెప్పుకుంటారు. అదే పరిశోధనలోని రెండో సగాన్ని మాత్రం మరిచిపోతారు. పని సగంలో ఆగినా, చేసింది విప్పేసినా ఆ మమకారం మాయమైంది. కొత్తవాళ్ళు మొదటిసారే ఉయ్యాల కుర్చీ, చెక్కుడు పువ్వులున్న సోఫా ఎత్తుకుంటే అవి సగంలో ఆగి కొట్టంలో దుమ్ము పట్టడం ఖాయం. తొంభై డిగ్రీల కోతలతో అయిపోయే, రెండు మూడు ఆదివారాల్లో కూర్చోగలిగే మొరటు కుర్చీనే మొదట ఎంచుకోవాలనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

వడ్రంగి పొట్ట కొట్టడమా?

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది. కులవృత్తిగా తరతరాలుగా నేర్చిన విద్యను, ఫోనులో నాలుగు వీడియోలు చూసినవాళ్ళు ఆటగా తీసుకుంటే, ఉన్న కాస్త పని కూడా పోదా? పోయిన పనిని చూస్తే జవాబు తెలుస్తుంది. నాగలి, గుంటుక, బండి చక్రం చేసి, కళ్ళంలో మేర కొలిపించుకున్న రోజులు ట్రాక్టరుతో పోయాయి. తలుపు రెడీమేడ్ అయింది, కిటికీ యూపీవీసీ అయింది, అల్మారా ప్లైవుడ్ అయింది. మంచం దుకాణం నుంచి వస్తోంది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ పడి ముప్పై ఏండ్ల పైనే. ఇంట్లో ఒకరు కుర్చీ చేసుకున్నందుకు ఊరి వడ్రంగికి పోయే బేరం ఇందులో ఏదీ లేదు. ఆ కుర్చీ ఎవరూ అతనికి ఎలాగూ చెప్పేది కాదు.

వచ్చేది మాత్రం ఉంది. చేసిచూసినవాళ్ళకు చిత్రిక పట్టడం ఎంత కష్టమో అరగంటలో తెలుస్తుంది, మేస్త్రీ కూలి ఎక్కువన్న మాట మళ్ళీ నోట రాదు. దూలాన్ని ఏ వైపు నుంచి కోయాలి, పగులు ఎటు పోతుంది, చేవ ఎక్కడ మొదలవుతుంది అన్నవి ఏ వీడియోలోనూ దొరకవు. కర్రను చేత్తో నిమిరి చెప్పగలిగేది ఆ ఊరి మేస్త్రీయే. ఆ తెలివికి ఇప్పటిదాకా విడిగా వెల లేదు, వస్తువుతో పాటు ఊరికే వచ్చేది. ఇక ముందు దానికే కూలి ఇవ్వాలి.

> చేతి పనికి సర్కారు సాయం
> 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. నమోదైనవాళ్ళకు శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తారు. తొలి విడత లక్ష, రెండో విడత 2 లక్షల అప్పు 5 శాతం వడ్డీకి దొరుకుతుంది. ఈ పథకం ఇప్పటికే ఈ వృత్తి చేస్తున్నవాళ్ళకే. సరదాగా నేర్చుకునేవాళ్ళకు కాదు.

కుర్చీ చేయడం ఆడవాళ్ళకు తగని పని అనే మాటను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. నాట్లు వేసి, మిరప బస్తాలు ఎత్తే చేతులకు డ్రిల్లు బరువేమీ కాదు, స్క్రూ రంధ్రాలకు తొందర లేని చేయి కావాలి, అంతే.

మళ్ళీ మేస్త్రీ దగ్గరికి వస్తే, ఆయన్ను పిలవవలసింది రెండు పూటలకు. మొదటి పూట, సామిల్లుకు పోకముందు, దూలం దగ్గరికి. ఎక్కడ కోస్తే ఎన్ని బద్దలు వస్తాయో బొగ్గుతో గీతలు గీయించుకోవాలి, పుచ్చు ఎంత లోతు పోయిందో ఉలితో పొడిచి చూపించమనాలి. రెండో పూట, కాళ్ళూ పట్టీలూ ఆనించి నిలబెట్టాక, ఇంకా స్క్రూలు పూర్తిగా బిగించకముందు. చదును నేల మీద కుర్చీ ఊగుతుంటే ఏ కాలు ఎంత తీయాలో ఆయన చెబుతాడు. మొదటి కుర్చీ ఊగకుండా నిలబడటం అరుదు. రెండు పూటలకూ ఆయన మామూలుగా తీసుకునే రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి, చాయ్‌తో సరిపెట్టకూడదు. జేసీబీ రాకముందే ఆయనతో మాట్లాడి పెట్టుకుంటే ఇంకా మంచిది. తొండంతో గుంజితే చీలిపోయే దూలాన్ని కప్పు మీద నుంచి తాళ్ళతో ఎలా దించాలో ఆ ఊళ్ళో ఎరిగినవాడు చాలాచోట్ల ఆయనొక్కడే.